కల్పిత క్రీడలో మంత్రవిద్యకు కట్టుబాట్లు

గత సంవత్సరము మన పాఠశాలలో తొమ్మిదవ తరగతి విద్యార్థులు కొందరు మధ్యాహ్న విరామసమయమున బల్లచుట్టు కూర్చుండి, పాచికలు దొర్లించుచు, మంత్రములు వేయుచున్నామని కేకలిడుచుండిరి. అది చూచిన యొక తండ్రిగారు నా గదికి వచ్చి, "అయ్యా, పిల్లల కీ మంత్రతంత్రముల పిచ్చి యేల?" అని యడిగిరి. నాకును వెంటనే సమాధానము తోచలేదు. కొన్ని వారములు ఆ పిల్లల సరసన కూర్చుండి తెలిసికొన్న దానిని తల్లిదండ్రులకు విన్నవించుచున్నాను.

ఇది పాత్రధారణ క్రీడ. 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు వెలువరించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను ఆటతో ఇది వ్యాప్తి చెందినది. ఒకడు సూత్రధారుడై కథ నడపును. తక్కినవారు వీరుడు, వైద్యుడు, మాంత్రికుడు మున్నగు పాత్రలు వహించి, తామేమి చేయుదురో నోటితో చెప్పుదురు. సందేహము కలిగినచోట పాచిక నిర్ణయించును.

చిక్కంతయు మాంత్రికునితోనే. మంత్రమునకు సర్వమును సాధ్యమైనచో తక్కిన పాత్రలకు పనిలేదు. మన బాలురు మొదట అగ్ని, జలము, వాయువు, భూమి యని నాలుగు విద్యలు కల్పించిరి. కాని నాలుగును శత్రువును కొట్టుటకే. పాచికల లెక్కయు నొక్కటియే. పేర్లు వేరు, పని యొక్కటి. త్వరలోనే ఆట చప్పబడినది.

రెండు విద్యలు నిజముగా వేరు కావలెనన్న మూడు ప్రశ్నలకు వేరువేరు సమాధానము లుండవలెను. శక్తి యెచటినుండి వచ్చును? దానికి చెల్లింపవలసిన వెల యేమి? దానికి సాధ్యము కానిది యేది?

పైన చెప్పిన ఆట తొలి రూపములలో మాంత్రికుడు మంత్రములను ముందుగా కంఠస్థము చేయును. ప్రయోగించినంతనే ఆ మంత్రము మరపునకు వచ్చును. జాక్ వాన్స్ 1950లో ప్రకటించిన కథల నుండి గ్రహించిన భావమిది. 1981 నాటి 'కాల్ ఆఫ్ క్తులూ'లో మంత్రమునకు వెల మనఃస్థైర్యము. 1987 నాటి 'ఆర్స్ మాజికా'లో అయిదు క్రియలు, పది పదార్థములు గలవు. సృష్టించుట యను క్రియను అగ్నితో కూర్చిన నొక ఫలితము, నశింపజేయుటను కూర్చిన మరియొకటి. ఇట్లు ఏబది జంటలు. అచట మంత్రవిద్య వ్యాకరణమే.

ఇది విని మన బాలురకు కచుని కథ చెప్పితిని. శుక్రాచార్యుని యొద్ద మృతసంజీవని నేర్చిన కచునకు, ఆ విద్య నీకు ఫలింపకుండుగాక యని దేవయాని శాపమిచ్చెను. అయినను అతడు దానిని ఇతరులకు నేర్పగలడు. ఆ యొక్క కట్టుబాటుతోనే కథకు బలము వచ్చినది.

మరునాడు బాలురు తమ విద్యలను తిరుగ వ్రాసిరి. వైద్యురాలు రోగిని బాగుచేసిన, ఆ బాధ నొక దినము తానే యనుభవింపవలెను. గాలిమాంత్రికుడు కదలింపగలడు గాని దేనిని పుట్టింపలేడు. మూడవవానికి మంత్రము పలుకు నుండియే వచ్చును: కర్త, కర్మ, క్రియలతో తప్పులేని తెలుగు వాక్యము చెప్పినగాని ఫలింపదు.

ఈ మూడవ పాత్రను కోరి తీసికొన్నవాడు తరగతిలో ఒక్క మాటతో సమాధానము ముగించువాడు. వీధిలో కన్నడము మాటలాడి, ఇంట సగము తెలుగుతో సరిపెట్టుకొను మన పిల్లలలో నొకడు. మొదటి దినము అతని మంత్రములు మూడు విఫలమైనవి. నవ్విన మిత్రులే సరిదిద్దిరి. ఇప్పుడతడు వాక్యము పూర్తిచేసి గాని కూర్చుండడు. ఆటవలన భాష యంతయు వచ్చునని నేననను. నోరు తెరచుటకు కారణము మాత్రము దొరకినది.

కావున తల్లిదండ్రులారా, పిల్లవాడు మంత్రముల మాట యెత్తినపుడు కసరకుడు. ఆ మూడు ప్రశ్నలు తెలుగున నడుగుడు. అతడు చెప్పునంతవరకు ఓపికతో వినుడు.