రెండు ఇబ్రహీంపట్నాల నడుమ కాలినడక

గుణదల మాత పాదయాత్రకు భక్తితో పాటు క్రమశిక్షణా అవసరమే

ఇబ్రహీంపట్నం (రంగారెడ్డి జిల్లా): హైదరాబాద్-నాగార్జునసాగర్ మార్గంలో, కుతుబ్‌షాహీల నాటి పెద్ద చెరువు చెంత వెలసినది మన ఇబ్రహీంపట్నం. విజయవాడ వాకిట, కృష్ణానది ఒడ్డున అదే పేరుతో మరో ఊరు ఉంది. ఇక్కడి నుంచి గుణదల మేరీమాత దర్శనానికి కాలినడకన బయలుదేరే భక్తుడికి ఆ రెండో ఇబ్రహీంపట్నం కనిపించిందంటే యాత్ర కడకు చేరినట్లే. రెండూళ్ల నడుమ దూరం రమారమి 250 కిలోమీటర్లు. బస్సులో ఒక పూట ప్రయాణమైన ఈ దూరం నడిచేవారికి పది పన్నెండు రోజుల దీక్ష అవుతుంది.

ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరిగే గుణదల ఉత్సవాలకు తెలుగు రాష్ట్రాల నలుమూలల నుంచి లక్షలాదిగా జనం తరలివస్తారు. వారిలో మొక్కు తీర్చుకునేందుకు కాలినడకన వచ్చేవారూ ఉంటారు. నలుగురైదుగురు బంధువులు కలిసి సంచి భుజాన వేసుకొని బయలుదేరితే యాత్ర మొదలైనట్లే. ఎక్కడ ఆగాలి, ఎవరు ముందు నడవాలి, ఎవరికైనా జబ్బు చేస్తే ఏం చేయాలి అన్న ఆలోచన చాలామందికి దారిలో గాని రాదు. వాహనాలు నిరంతరం దూసుకుపోయే జాతీయ రహదారిపై ఆ ఆలస్యం ప్రాణాల మీదికి తేవచ్చు. అందుకే ఈ యాత్ర చరిత్ర, దారి, పాటించవలసిన పద్ధతులపై ఈ కథనం.

కొండగుహలో వెలిసిన మాత

గుణదల క్షేత్రానికి నూరేళ్ల చరిత్ర ఉంది. అక్కడి అనాథాశ్రమ బాధ్యతలు చూస్తున్న ఇటలీ మిషనరీ ఫాదర్ అర్లాటి 1924లో కొండపై సహజసిద్ధంగా ఏర్పడిన గుహలో మరియమాత స్వరూపాన్ని ప్రతిష్ఠించారు. ఫ్రాన్స్‌లోని లూర్దు పట్టణంలో 1858 ఫిబ్రవరి 11న బెర్నదెత్ అనే పేద బాలికకు గుహ వద్ద మరియమాత దర్శనమిచ్చినట్లు కథోలిక క్రైస్తవుల విశ్వాసం. ఆ తేదీనే గుణదలలోనూ పండుగ ముగుస్తుంది. కొండ శిఖరాన సిలువ ఉంది. భక్తులు జపమాల చెప్పుకొంటూ, క్రీస్తు శ్రమలను ధ్యానించే సిలువ మార్గం ప్రార్థనలతో మెట్లెక్కి అక్కడికి చేరుకుంటారు.

ఈ క్షేత్రానికి క్రైస్తవులే కాక ఇతర మతస్థులూ పెద్దసంఖ్యలో వస్తారు. తలనీలాలు సమర్పించడం, కొబ్బరికాయలు, కొవ్వొత్తులు అర్పించడం ఇక్కడ సాధారణ దృశ్యం. మొక్కుకొని నడిచి వెళ్లడమూ ఈ నేల ఆచారాల నుంచే వచ్చింది. బిడ్డ బతికితే నడిచి వస్తామని, ఇంట్లో పెళ్లి కుదిరితే నడిచి వస్తామని దైవానికి మాట ఇవ్వడం మన పల్లెల్లో ఏ మతానికీ కొత్త కాదు.

స్పెయిన్‌లో వెయ్యేళ్ల బాట

క్రైస్తవ లోకంలో కాలినడక యాత్రకు పేరుమోసిన దారి స్పెయిన్‌లో ఉంది. ఆ దేశపు వాయవ్య మూలన ఉన్న శాంటియాగో డి కంపోస్టెలా నగరంలో క్రీస్తు శిష్యుడు పునీత యాకోబు సమాధి ఉందని విశ్వాసం. తొమ్మిదో శతాబ్దం నుంచి యూరప్ నలుమూలల వారు అక్కడికి నడిచి వెళ్తున్నారు. ఈ బాటను ‘కమీనో’ అంటారు. దారి అని దీని అర్థం. ఫ్రాన్స్ సరిహద్దులోని సెయింట్ జాన్ పట్టణం నుంచి సాగే ప్రధాన మార్గం పొడవు సుమారు 780 కిలోమీటర్లు. పన్నెండో శతాబ్దంలోనే ఈ యాత్రికుల కోసం ఒక మార్గదర్శక గ్రంథం వెలువడింది. ఏ ఊళ్లో నీళ్లు మంచివి, ఎక్కడ నది దాటాలి వంటి సంగతులు కూడా అందులో ఉన్నాయి.

ఇంత పేరున్న బాట సైతం కాలక్రమంలో పాడుబడింది. 1980ల మధ్యలో ఏడాదికి మూడు వేల మంది కూడా నడవని స్థితి. అప్పుడు ఓ సెబ్రెయిరో అనే కొండ గ్రామంలోని విచారణ గురువు ఎలియాస్ వాలిన్యా ఒక పని చేశారు. పసుపు రంగు డబ్బా పట్టుకొని చెట్లపైన, రాళ్లపైన, గోడలపైన బాణం గుర్తులు గీస్తూ వెళ్లారు. నేటికీ యాత్రికులకు ఆ పసుపు బాణాలే దిక్కు. 1993లో ఈ మార్గం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. 2024లో నడక పూర్తిచేసి నమోదు చేసుకున్నవారి సంఖ్య దాదాపు 4 లక్షల 99 వేలకు చేరింది.

అక్కడి ఏర్పాట్లు గమనించదగినవి. ప్రతి యాత్రికుడి వద్ద ఒక చిన్న పుస్తకం ఉంటుంది. దారిలోని సత్రాల్లో, చర్చిల్లో దానిపై ముద్ర వేస్తారు. కనీసం 100 కిలోమీటర్లు నడిచినట్లు ముద్రలు చూపినవారికి ధ్రువపత్రం ఇస్తారు. మజిలీ మజిలీకీ చవక సత్రాలు ఉంటాయి. ఒంటరిగా నడవలేనివారి కోసం కొన్ని సంస్థలు బృందయాత్రలు నడుపుతున్నాయి. రోజుకు ఇరవై కిలోమీటర్ల చొప్పున నడక, ముందుగానే ఖరారైన బస, సామాన్లు మోసేందుకు వ్యాన్, దారి తెలిసిన మార్గదర్శి ఉంటారు. అలసినవారు ఆ పూటకు వ్యాన్ ఎక్కవచ్చు. దీన్ని విహారంగా భావించి వచ్చేవారూ అనేకులు. భక్తి ఎక్కువ తక్కువల మాట ఎలా ఉన్నా, నడిచేవారి భద్రతను యాదృచ్ఛికానికి వదలకపోవడం అక్కడి ప్రత్యేకత.

నల్లమల నేర్పుతున్న పాఠం

ఈ క్రమం మనకు తెలియనిదేమీ కాదు. మహాశివరాత్రికి ఆత్మకూరు వైపు నుంచి నల్లమల అడవి గుండా శ్రీశైలానికి నడిచే శివభక్తులకు వెంకటాపురం, నాగలూటి, పెచ్చెర్వు, భీమునికొలను, కైలాసద్వారం అనే మజిలీలు తరతరాలుగా కంఠస్థం. ఉగాదికి కర్ణాటక నుంచి నడిచివచ్చే భక్తులకు దారి పొడవునా గ్రామస్థులు అన్నదానం చేస్తారు. అడవిదారిలో తాగునీరు, వైద్య శిబిరాలు ఏర్పాటవుతాయి. మజిలీలకు పేర్లు ఉండటంతో ఏ రాత్రి ఎక్కడ తలదాచుకోవాలో కొత్తవారికి సైతం తెలుస్తుంది. దాతలకు, అధికారులకు ఎక్కడ ఏర్పాట్లు చేయాలో తెలుస్తుంది.

ఇక్కడి నుంచి గుణదల దారికి అలాంటి ఖాయమైన మజిలీల జాబితా ఉంటే యాత్ర సగం సుగమమైనట్లే. రహదారిని పరిశీలిస్తే దాన్ని రూపొందించడం కష్టమేమీ కాదు.

పదకొండు మజిలీలు

ఇబ్రహీంపట్నం నుంచి మొదటి రోజు పెద్ద అంబర్‌పేట చేరితే అక్కడ 65వ నంబరు జాతీయ రహదారి అందుతుంది. ఒకప్పుడు 9వ నంబరుగా పిలిచిన రహదారే ఇది. అక్కడి నుంచి వరుసగా చౌటుప్పల్, చిట్యాల, నకిరేకల్, సూర్యాపేట, మునగాల, కోదాడ మజిలీలు. కోదాడ దాటాక గరికపాడు వద్ద రాష్ట్ర సరిహద్దు వస్తుంది. ఆపై జగ్గయ్యపేట, నందిగామ, కృష్ణాతీరపు ఇబ్రహీంపట్నం, చివరి రోజు గుణదల. ఒక్కో మజిలీ ఇంచుమించు 20 నుంచి 30 కిలోమీటర్లు. సూర్యాపేట చేరేసరికి యాత్ర సగమవుతుంది. అక్కడ ఒకరోజు ఆగడం మంచిది. ఆ లెక్కన జనవరి 28న బయలుదేరినవారు ఫిబ్రవరి 8 సాయంత్రానికి గుణదల చేరుకుంటారు. మరుసటి రోజు పండుగ మొదలవుతుంది.

ఈ దారి రెండు రాష్ట్రాల్లో అయిదు జిల్లాలను తాకుతుంది. రంగారెడ్డి, యాదాద్రి భువనగిరి, నల్గొండ, సూర్యాపేట దాటాక ఎన్టీఆర్ జిల్లా వస్తుంది. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు వద్ద టోల్ ప్లాజాలు ఉన్నాయి. మిగతాచోట్ల మైళ్ల కొద్దీ పొలాలే. నీడ తక్కువ, మరుగుదొడ్లు ఇంకా తక్కువ. మహిళలు ఉన్న బృందాలు రాత్రి బస ఎక్కడో బయలుదేరకముందే ఖరారు చేసుకోవాలి. విచారణ గురువు ద్వారా దారిలోని దేవాలయాలకు ముందుగా లేఖలు రాయించుకోవడం ఉత్తమం. అడిగితే వరండాలో చోటు దొరక్కపోదన్న ధీమాతో బయలుదేరడం తగదు. ఇరవై మంది ఒక్కసారి వచ్చి నిలిస్తే ఏ ఊరికైనా ఇబ్బందే.

బృందానికి ఒక పెద్ద

పదిహేను, ఇరవై మందికి మించకుండా బృందం కట్టుకోవడం మేలు. దానికి ఒక నాయకుడు ఉండాలి. దారి ఎరిగి ఉండటం, అందరి చేత మాట వినిపించుకోగలగడం ఆయన అర్హతలు. అందరికంటే నెమ్మదిగా నడిచేవారి వేగమే బృందం వేగం కావాలి. అందుకోసం ముందు ఒకరు, చివర ఒకరు నడవాలి. చివరి వ్యక్తిని దాటి ఎవరూ వెనుకబడకూడదు. పేర్లు, వయసు, ఇంటి ఫోన్ నంబరు, వాడే మందుల జాబితా నాయకుడి వద్ద ఉండాలి. సామాన్లకు ఒక ఆటో ట్రాలీని మాట్లాడుకుంటే ఖర్చు అందరికీ పంచుకోవచ్చు. నీరసించినవారిని ఎక్కించడానికీ అది అక్కరకొస్తుంది. ఆటో ఎక్కినంత మాత్రాన మొక్కు చెల్లదేమోనన్న బెంగతో జ్వరంలోనూ నడిచేవారుంటారు. అటువంటివారికి నచ్చజెప్పడం నాయకుడి మొదటి బాధ్యత.

రోడ్డుపై ఇలా

కాలిబాట లేనిచోట పాదచారులు రోడ్డుకు కుడివైపున, ఎదురుగా వచ్చే వాహనాలను చూస్తూ నడవాలన్నది సూత్రం. మధ్యలో డివైడర్ ఉన్న రహదారిపై దీని భావం సరిగా గ్రహించాలి. విజయవాడ వైపు నడిచేవారు హైదరాబాద్ వైపు వాహనాలు వచ్చే భాగంలో, దాని బయటి అంచు వెంట నడవాలి. అప్పుడు వెనుక నుంచి వాహనం వచ్చి ఢీకొనే ముప్పు తగ్గుతుంది. పట్టణాల్లో సర్వీసు రోడ్డు ఉంటే దానిపైనే నడవాలి. ఒకరి వెనుక ఒకరుగా సాగాలి, పక్కపక్కన మాట్లాడుకుంటూ కాదు. డివైడర్‌ను ఎక్కి దాటరాదు.

జనవరి చివరలో తెల్లవారుజామున ఈ రహదారిపై మంచు కమ్ముకుంటుంది. ఎండ ముదరకముందే దూరం తరిగించాలని మూడు, నాలుగు గంటలకే బయలుదేరడం ప్రమాదకరం. వెలుగు వచ్చి మంచు విచ్చాక నడక మొదలుపెట్టి, మధ్యాహ్నం విశ్రమించి, చీకటి పడకముందే మజిలీ చేరాలి. తప్పనిసరై చీకట్లో నడవవలసివస్తే లేత రంగు దుస్తులు, మెరిసే పట్టీలు, ముందు వెనుకల టార్చిలైట్లు ఉండాలి. ఆపదలో అంబులెన్సుకు 108, జాతీయ రహదారిపై సాయానికి 1033 నంబర్లకు ఫోన్ చేయవచ్చు.

పాదాలే వాహనం

నెల రోజుల ముందు నుంచే రోజూ అయిదారు కిలోమీటర్లతో మొదలుపెట్టి నడక అలవాటు చేసుకోవాలి. యాత్ర కోసమని కొత్త చెప్పులు, బూట్లు కొని ఆ రోజే తొడుక్కుంటే రెండో మజిలీకే బొబ్బలు లేస్తాయి. అలవాటైన పాదరక్షలే మంచివి. భుజాన మోసే బరువు శరీర బరువులో పదో వంతు మించకూడదు. మధుమేహం ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గి పుండు పడినా తెలియకపోవచ్చు. వారు మొక్కు పేరిట వట్టికాళ్లతో నడవడం తగదు. ప్రతి రాత్రి పాదాలు కడిగి, ఆరబెట్టి, వెలుగులో పరీక్షించుకోవాలి. గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవారు వైద్యుని సలహా తీసుకొన్నాకే బయలుదేరాలి.

పల్లె గురువు చేసిన పని

స్పెయిన్‌లో పాడుబడిన బాటకు తిరిగి ప్రాణం పోసే పనికి తొలి గుర్తులు వేసినది ఒక మారుమూల పల్లె గురువు. ఆయన చేతిలో ఉన్నది రంగుడబ్బా మాత్రమే. ఇక్కడా ఆరంభానికి పెద్ద నిధులు అక్కర్లేదు. దారిలోని విచారణలు కలిసి మజిలీల జాబితాను ప్రకటించి, ఒక్కోచోట ఒక గది, నీళ్లు, మరుగుదొడ్డి చూపగలిగితే చాలు. బృందాలు బయలుదేరే తేదీని ముందుగా పోలీసులకు తెలిపితే గస్తీ వాహనాలు కనిపెట్టుకొని ఉండే వీలుంటుంది. పండుగ వారం రోజులు టోల్ ప్లాజాల వద్ద నడిచేవారికి తాగునీరు, కాసేపు కూర్చునేందుకు నీడ కల్పించడం అధికారులకు భారం కాదు.

మొక్కుకున్నవారు ఎలాగూ నడుస్తారు. మన ఇబ్రహీంపట్నం నుంచి సాగనంపిన తల్లి కృష్ణాతీరపు ఇబ్రహీంపట్నం చేరి ఇంటికి ఫోన్ చేసేవరకు కుటుంబం నిశ్చింతగా ఉండగలగాలి. ఆ ఏర్పాటు ఈ కొద్దిపాటి ముందుచూపుతో సాధ్యమే.