తాత్కాలిక విద్యుత్ సరఫరా: అనధికార వినియోగాన్ని అరికట్టడం

ఎమ్మిగనూరులో ఏటా జనవరి ప్రాంతంలో జరిగే నీలకంఠేశ్వరస్వామి జాతరను మీలో కొందరు చూసే ఉంటారు. రథోత్సవం, పశువుల సంత, వాటి చుట్టూ మిఠాయి అంగళ్లు, గాజుల అంగళ్లు, రంగులరాట్నాలు. వీటన్నిటికీ కొద్ది రోజులపాటు కరెంటు కావాలి. ఇలాంటి స్వల్పకాలిక అవసరానికి విద్యుత్ పంపిణీ సంస్థ నుంచి తీసుకునే కనెక్షన్‌ను తాత్కాలిక సరఫరా అంటారు. ఇంటి కనెక్షన్‌కు లేని ఒక చిక్కు దీనికి ఉంది. వాడేవారు మారిపోతుంటారు, సాకెట్ మాత్రం అందరి చేతికీ అందేలా ఉంటుంది. విదేశాలలో విహార పడవలు నిలిపే మెరీనాలలోనూ ఇదే సమస్య. ఒడ్డున ఉన్న స్తంభం నుంచి పడవకు కరెంటు ఇస్తారు. యజమాని పడవ దగ్గర లేనప్పుడు పక్క పడవవారు అదే సాకెట్‌లో తమ ప్లగ్గు పెట్టుకోవచ్చు. ఆదోనికి సముద్రం లేకపోయినా సమస్య స్వరూపం ఒక్కటే.

ముందుగా చట్టం ఏమంటుందో చూద్దాం. విద్యుత్ చట్టం, 2003లోని 135వ సెక్షన్ దొంగతనానికి సంబంధించినది. లైనుకు కొక్కెం తగిలించడం, మీటరును చెడగొట్టడం వంటి పనులు నిజాయితీ లేని ఉద్దేశంతో చేస్తే మూడేళ్ల వరకు జైలుశిక్ష, జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. 126వ సెక్షన్ వేరు. అది అనధికార వినియోగం గురించి చెబుతుంది. అనుమతి పొందిన ప్రయోజనానికి కాక మరొకదానికి వాడినా, అనుమతి లేని స్థలానికి వాడినా అది వర్తిస్తుంది. స్థలానికి సంబంధించిన ఈ అంశం 2007 సవరణతో చేరింది. అంచనా మొత్తాన్ని సంబంధిత టారిఫ్‌కు రెట్టింపు రేటుతో లెక్కగడతారు. తాత్కాలిక ఉత్తర్వుపై అభ్యంతరం చెప్పుకోవచ్చు. తుది ఉత్తర్వుపై 127వ సెక్షన్ కింద ముప్పై రోజులలోగా అప్పీలు చేయవచ్చు, కానీ అంచనా మొత్తంలో సగం ముందుగా కట్టాలి.

ఇక్కడ విద్యార్థులు తరచూ పొరబడే విషయం ఒకటి ఉంది. “పాపం, పక్క అంగడాయనకు ఒక్క బల్బే కదా” అని మీ బోర్డు నుంచి వైరు లాగనిచ్చారనుకోండి. అది మీకు మంచితనం, కానీ చట్టం దృష్టిలో మీ అంగడికి ఇచ్చిన కరెంటు మరో స్థలానికి పోయినట్లే. బిల్లూ మీదే, సంజాయిషీ కూడా మీదే.

మరి మీకు తెలియకుండా ఎవరైనా వాడుకుంటుంటే? దాన్ని కనిపెట్టడానికి ప్రత్యేక పరికరం అక్కర్లేదు. ఎలక్ట్రానిక్ మీటరుపై ఒక చిన్న ఎర్రదీపం మిణుకుమంటూ ఉంటుంది. ఒక యూనిట్‌కు అది ఎన్నిసార్లు మిణుకుతుందో మీటరుపైనే రాసి ఉంటుంది. ఆ సంఖ్య 1600 అనుకుందాం. మీ అంగడిలోని స్విచ్చులన్నీ ఆపి ఒక నిమిషం చూడండి. దీపం 8 సార్లు మిణికితే గంటకు 480 సార్లు అవుతుంది. 480ని 1600తో భాగిస్తే గంటకు 0.3 యూనిట్, అంటే 300 వాట్ల భారం ఎక్కడో నడుస్తోంది. రాత్రికి పది గంటల చొప్పున ఏడు రోజులకు 21 యూనిట్లు. అయితే మీటరుకు ముందే వైరు తగిలించి ఉంటే ఈ పరీక్షకు అది చిక్కదు. అటువంటి నష్టం ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి మీటరు లెక్కను వినియోగదారుల మీటర్ల మొత్తంతో పోల్చినప్పుడే బయటపడుతుంది.

21 యూనిట్ల డబ్బు పెద్దది కాదు. అసలు ప్రమాదం వైరు వేడెక్కడంలో ఉంది. 230 వోల్టుల దగ్గర 2000 వాట్ల కరెంటు పొయ్యి దాదాపు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. మీదొకటి, పక్కవారివి రెండు ఒకే వైరుపై నడిస్తే 26 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ కొంతసేపటికి పడిపోతుంది. చాలామంది అప్పుడు కారణం వెతకరు, పెద్ద ఎంసీబీ తెచ్చి పెడతారు. ఇది అన్నిటికన్నా చెడ్డ పని, ఎందుకంటే ఇక కాలేది వైరే. గుడ్డ షామియానా కింద, లేదా ఆదోని మార్కెట్ యార్డులో పత్తి దిగిన చోట ఒక్క నిప్పురవ్వ చాలు.

నివారణలో అన్నిటికన్నా బాగా పనిచేసేది ప్రతి అంగడికీ విడి ఎంసీబీ, విడి సబ్‌మీటరు. అంగడి అప్పగించేటప్పుడూ ఖాళీ చేసేటప్పుడూ రీడింగ్ రాసి ఇద్దరూ సంతకం చేస్తే సగం తగాదాలు పుట్టవు. మంచి మెరీనాలలో స్తంభానికి మీటరు, కార్డు పెడితేనే కరెంటు వచ్చే ఏర్పాటు ఉండేది ఇందుకే. సాకెట్లను మూతపెట్టె లోపల ఉంచి తాళం వేయవచ్చు, కానీ మెయిన్ స్విచ్చుకు మాత్రం తాళం వేయకూడదు. ఎవరికైనా షాక్ తగిలితే తాళంచెవి వెతికే సమయం ఉండదు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరిగా ఉండాలి. అంగడి మూసి వెళ్లేటప్పుడు సాకెట్ల సరఫరా ఆపాలి. వీధి లైన్లకైతే పైతొడుగు గల ఏబీ కేబుల్ వేస్తారు, బోసి తీగ లేనప్పుడు కొక్కేనికి పని ఉండదు. పక్కవారి అక్రమ వైరు కనిపిస్తే మీరే కోయకండి. అది ఎక్కడ నుంచి వస్తోందో మీకు తెలియదు. లైన్‌మన్‌కు చెప్పండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఒక మీటరుపై యూనిట్‌కు 3200 అని రాసి ఉంది. మీ స్విచ్చులన్నీ ఆపినా దీపం నిమిషానికి 40 సార్లు మిణుకుతోంది. బయటకు పోతున్న భారం ఎన్ని వాట్లు? ఆ వైరును మీరే ఇచ్చి ఉంటే ఏ సెక్షన్ వర్తిస్తుంది, ఎందుకు?