తల్లితీగను కోయకుండానే పిల్లమొక్క

మనీ ప్లాంట్, ఫిలోడెండ్రాన్, సింగోనియం వంటి తీగల్లో వేరు పుట్టేది కణుపు దగ్గర. ఆకు కాడ కాండాన్ని అంటిపెట్టుకున్న చోట చిన్న గోధుమరంగు బుడిపె కనిపిస్తుంది. అది గాలివేరుకు మొదలు. చిగురు వేసే మొగ్గ కూడా కణుపులోనే ఉంటుంది. అందుకే కణుపు లేని నున్నటి కాండం ముక్కను ఎన్నాళ్లు నీళ్లలో ఉంచినా కొత్త మొక్క రాదు.

మనీ ప్లాంట్‌కు కణుపు తప్ప వేరే దారే లేదు. ఫ్రెంచ్ పాలినేషియాలోని మూరియా దీవిలో పుట్టిన ఈ తీగ దాదాపుగా పూయదు. పూతకు అవసరమైన జిబ్బరెల్లిన్ హార్మోను ఇందులో సరిగా తయారుకాదని 2016లో వెలువడిన పరిశోధన తేల్చింది. పూత లేదు కనుక గింజా లేదు. కరీంనగర్ ఇళ్ల కిటికీల్లో వేలాడే ప్రతి మనీ ప్లాంటూ ఏదో ఒక తీగ ముక్క నుంచి వచ్చిందే.

తీగ తల్లిమొక్కను అంటి ఉండగానే కణుపును మట్టికి ఆనించి వేరు పట్టించడాన్ని అంటు తొక్కడం అంటారు. పెరటి మల్లెకు చేసేదీ ఇదే. మల్లె కొమ్మ గట్టిది కాబట్టి పాతే చోట చిన్న గాటు పెడతారు. ఆకుల నుంచి కిందికి దిగే చక్కెరలు, ఆక్సిన్ హార్మోను ఆ గాటు దగ్గర నిలిచి వేళ్లను పుట్టిస్తాయి. మనీ ప్లాంట్‌కు గాటుతో పని లేదు. వేరు మొదలు ముందే సిద్ధంగా ఉంటుంది, తడి, చీకటి దొరికితే చాలు.

కోసి నాటిన ముక్కకు వేళ్లుండవు, ఆకుల నుంచి మాత్రం నీరు ఆవిరవుతూనే ఉంటుంది. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఉత్తర తెలంగాణ వడగాలికి అలాంటి ముక్క త్వరగా వడలిపోతుంది. అంటు తొక్కిన తీగకు తల్లి వేళ్లే నీరందిస్తాయి కాబట్టి ఆ ముప్పు చాలా తక్కువ. అయినా మంచి అదను వానకాలమే: మృగశిర కార్తె నుంచి సెప్టెంబరు దాకా. ఆదిలాబాద్‌లో చలికాలపు రాత్రులు 10 డిగ్రీల కిందికి దిగుతాయి. ఆ చలికి వేరు కదలదు.

మట్టి విషయంలో తొందర పనికిరాదు. ఆదిలాబాద్ నల్లరేగడి తడిస్తే జిగురవుతుంది, ఆరితే నెర్రెలిచ్చి లేత వేళ్లను తెంపేస్తుంది. ఎర్ర చెలక మట్టి గుల్లగా ఉన్నా త్వరగా ఆరిపోతుంది. చెలక మట్టిలో ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు లేదా కోకోపీట్ కలిపితే రెండు ఇబ్బందులూ తగ్గుతాయి.

తల్లికుండీ పక్కనే చిన్న కుండీ పెట్టి, తీగను దాని మీదికి వంచాలి. బుడిపె మట్టిలోకి, ఆకు పైకి ఉండేలా హెయిర్‌పిన్‌తో కణుపును నొక్కి పెట్టాలి. కణుపును లోతుగా పాతితే కాండం కుళ్లుతుంది. పైమట్టి తడి ఆరకుండా చూస్తే వానకాలంలో మూడు నాలుగు వారాలకు వేరు పడుతుంది, హోయా అనే తీగకు ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. మెల్లగా లాగినప్పుడు తీగ లేచి రాకపోతే వేరు పట్టినట్టే. పొడవాటి తీగనైతే వరుస కుండీల మీదుగా పోనిచ్చి ఒక్కో కణుపును ఒక్కో కుండీలో నొక్కవచ్చు. మొదలు దగ్గర ఆకులు రాలి బోసిపోయిన తీగను దాని కుండీలోనే చుట్టి నొక్కితే కుండీ మళ్లీ గుబురుగా నిండుతుంది.

వేరు పట్టిన కణుపుకు, తల్లిమొక్కకు మధ్య శుభ్రమైన కత్తెరతో కోయాలి. కోసిన చోట కారే రసం కొందరికి దురద పెడుతుంది, వెంటనే చేతులు కడుక్కోవాలి. ఆకులు నమిలితే నోరు మండుతుంది కనుక చిన్నపిల్లలకు, పెంపుడు జంతువులకు కత్తిరింపులు అందనీయరాదు. వేరైన పిల్లమొక్కను వారం పది రోజులు నీడలో ఉంచి, కొత్త ఆకు విచ్చుకున్నాక వెలుతురున్న కిటికీ దగ్గరికి మార్చవచ్చు.