అల్లరి చేయని పిల్లలలోనూ ఏకాగ్రతా లోపం: సమవయస్కులతో పోల్చి గుర్తించడం ఆవశ్యకం

ఏ.డి.హెచ్.డి.గా వ్యవహరించబడే ఏకాగ్రతా లోపం, అతి చురుకుదనం రుగ్మత పిల్లలందరిలో ఒకే రీతిగా కనిపించదు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన వర్గీకరణలో దీనికి మూడు రూపాలు పేర్కొనబడ్డాయి.

అతి చురుకుదనం ప్రధానంగా గల పిల్లలు తోటివారు కుదురుగా కూర్చున్న వేళ లేచి తిరుగుతారు. తమ వంతు వచ్చే వరకు ఆగలేరు. ఏకాగ్రతా లోపం ప్రధానంగా గలవారు నిశ్శబ్దంగానే ఉంటారు. అయితే పాఠం మధ్యలో ధ్యాస తప్పడం, పని అసంపూర్తిగా విడవడం, పుస్తకాలు, పెన్సిళ్లు పోగొట్టుకోవడం వీరిలో తోటివారికన్నా అధికం. మూడవ రూపంలో ఈ రెండు తీరులూ కలిసి ఉంటాయి.

తరగతికి ఆటంకం కలిగించనందున నిశ్శబ్దంగా ఉండే పిల్లలు, ముఖ్యంగా బాలికలు, ఉపాధ్యాయుల దృష్టికి రాకుండా పోయే ప్రమాదం కలదు. వారిని సోమరులుగా భావించడం తగదు.

పోలిక సమవయస్కులతోనే జరగాలి. తరగతిలో అందరికన్నా చిన్నవాడైన విద్యార్థి చాంచల్యానికి వయస్సే కారణం కావచ్చు. లక్షణాలు 12 ఏళ్లలోపు మొదలై, కనీసం 6 నెలలపాటు ఇంటిలోనూ, బడిలోనూ కొనసాగి, చదువుకు లేదా స్నేహాలకు అవరోధమైనప్పుడే నిపుణులు దీనిని రుగ్మతగా నిర్ధారిస్తారు.

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఆరోగ్య పరీక్షల జాబితాలో ఈ రుగ్మత కూడా చేర్చబడింది. అనుమానిత లక్షణాలు గల పిల్లలను తదుపరి పరీక్షలకై జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలకు పంపడం ఈ కార్యక్రమంలో భాగం.