నిలబెట్టిన ట్రాక్టరుకు ఆయిల్ ఎప్పుడు మార్చాలి?

గోడ పత్రికకు ట్రాక్టరు గురించి రాస్తానంటే మా క్లాసు వాళ్లంతా నవ్వారు. నవ్వినా పర్లేదు, చదవండి. మీలో సగం మంది ఇళ్లల్లో ట్రాక్టరో, పాత జీపో, కనీసం నాన్నగారు వాడకుండా మూల పెట్టిన బండో ఉండే ఉంటుంది.

మా ఊరు ఇస్లాపూర్. మహారాష్ట్రలో, నాందేడ్ జిల్లా కిన్వట్ తాలూకా. సహస్రకుండ్ జలపాతం చూడటానికి వెళ్లినవాళ్లకు ఊరి పేరు తెలిసే ఉంటుంది. అమ్మది ఆదిలాబాద్ వైపు, బాబా మరాఠీ. మా ఇంట్లో వంట తెలుగులో, లెక్కలు మరాఠీలో నడుస్తాయి. ట్రాక్టరు మొరాయిస్తే మాత్రం రెండు భాషల్లోనూ తిట్లు పడతాయి.

మాది నల్లరేగడి. జూన్‌లో పత్తి, సోయా విత్తాక వానలు పట్టుకుంటే చేలోకి ట్రాక్టరు పోదు, దిగబడుతుంది. కలుపు పని అంతా ఎడ్లతోనే. అంటే జూన్ ఆఖరు నుంచి దసరా దాకా ట్రాక్టరు రేకుల షెడ్డులో తాడిపత్రి కప్పుకొని పడుకుంటుంది. చలిదేశాల్లో ఇల్లులాంటి పెద్ద వ్యాన్లుంటాయట, మంచు కురిసే నెలలన్నీ వాటిని మూల పెట్టి ఎండలు రాగానే బయటికి తీస్తారు. వాళ్లకు చలికాలం, మాకు వానాకాలం. ఇంజను పడే బాధ మాత్రం ఒకటే.

రెండేళ్ల క్రితం నేను పన్నెండో తరగతి. మా ట్రాక్టరు పుస్తకంలో 250 గంటలకు ఒకసారి ఆయిల్ మార్చమని ఉంది. అప్పటికి మీటరు మీద 200 కూడా కాలేదు. "ఇంకా యాభై గంటల ఆయిల్ ఉంది, ఎందుకు పారబోయడం? దసరాకు మారుద్దాం" అన్నారు బాబా. సరే అన్నాం. నాకేమో స్టార్టు చేయడం సరదా. ప్రతి ఆదివారం పొద్దున ఐదు నిమిషాలు నడిపి ఆపేసేదాన్ని. ఇంజను బిగుసుకుపోకుండా కాపాడుతున్నానని గొప్పగా ఉండేది.

ఖండే నవమి రోజు, అదే మీ ఆయుధ పూజ, బండి కడిగి బొట్టు పెట్టడానికి ముందు డిప్‌స్టిక్ తీసి చూస్తే నూనె నల్లగా లేదు. పాలు ఎక్కువైన చాయ్ రంగులో ఉంది. అప్పుడైనా మార్చాల్సింది. సోయా నూర్పిడి తొందరలో అలాగే నడిపారు. మూడో రోజు లోపల నుంచి టకటకమని చప్పుడు. మెకానిక్ కాకా ఛాంబర్ విప్పి బేరింగులు చేతిలో పెట్టారు. అద్దంలా ఉండాల్సినవి, మశూచి మచ్చల్లా గుంటలు పడ్డాయి.

ఆయన చెప్పింది, తర్వాత నేను చదివింది కలిపి రాస్తున్నాను.

డీజిల్ కాలితే పొగ ఒక్కటే రాదు, నీళ్లు కూడా వస్తాయి. లీటరు డీజిల్ కాలితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయి! చాలావరకు ఆవిరై సైలెన్సర్ నుంచి పోతాయి. కొంచెం ఆవిరి, మసి మాత్రం పిస్టన్ రింగుల పక్క నుంచి కిందికి జారి నూనెలో కలుస్తాయి. బండి గంటల తరబడి దున్నితే ఆ వేడికి నీరు మళ్లీ ఎగిరిపోతుంది. ఐదు నిమిషాలు నడిపి ఆపితే నీరు పుడుతుంది కానీ పోయేంత వేడి రాదు. అంటే ప్రతి ఆదివారం నేను ఇంజనులో కాసిన్ని నీళ్లు పోసినట్టే. దానికి తోడు వానాకాలపు తేమ, పగటి వేడి, రాత్రి చల్లదనం. చల్లని చెంబుకు బయట చెమట పట్టినట్టు ఇంజను గోడలకు లోపల పడుతుంది.

ఆ నీళ్లు నూనెలోని మలినాలతో కలిసి ఆమ్లాలవుతాయి. డీజిల్‌లో గంధకం ఉంటే ఇంకా ఘాటు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 ఇంధనం వచ్చాక గంధకం పది లక్షల్లో 10 వంతులకు తగ్గింది కాబట్టి ఇప్పుడు కొంత నయం. ఆమ్లాన్ని విరిచే క్షారాలు కొత్త నూనెలో కలిపే ఉంటాయి. వాడే కొద్దీ అవి అయిపోతాయి. పాత నూనెలో రక్షణ తగ్గి, మురికి పెరిగి, అదంతా నాలుగు నెలలు బేరింగుల మీద కూర్చుంటుంది.

అందుకే మార్చాల్సింది నిలబెట్టాక కాదు, నిలబెట్టే ముందు. గంటలు నిండకపోయినా సరే. బాబా మిగిల్చిన యాభై గంటల ఆయిల్ ఖరీదు కంటే బేరింగులు, క్రాంక్ పని, నూర్పిడికి తెచ్చిన కిరాయి ట్రాక్టరు ఎన్నో రెట్లయ్యాయి. అమ్మ గాజులు బ్యాంకుకు పోయాయి.

"మధ్యమధ్యలో ఎవరు స్టార్ట్ చేశారు?" అని కాకా అడిగారు. "నేనే" అన్నారు బాబా. నేను పక్కనే పానాలు పట్టుకొని నిల్చున్నాను.

ఇక పని. బండిని చదునుగా ఉన్నచోట పెట్టి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాలి. పది నిమిషాలు నడిపితే అడుగున పేరుకున్న మసి నూనెలో కలిసి బయటికి వస్తుంది. మరీ కాలిపోయే వేడిలో విప్పొద్దు, చేయి కాలుతుంది. కింద టబ్బు పెట్టి ఛాంబర్ నట్టు విప్పి, చుక్కలు ఆగేదాకా ఓపిక పట్టాలి. ఫిల్టరూ మార్చాలి, లేకపోతే అందులోని మురికి నూనె కొత్తదాంట్లో కలుస్తుంది. కొత్త ఫిల్టర్ రబ్బరు రింగుకు వేలితో కాస్త నూనె రాసి చేత్తోనే బిగించాలి. నట్టుకు వాషరు మర్చిపోవద్దు.

మేం పోసేది 15W-40. ఆ డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. మొదటి అంకె చల్లగా ఉన్నప్పుడు నూనె ఎంత తేలిగ్గా పారుతుందో, రెండోది 100 డిగ్రీల వేడిలో ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. పోశాక కాసేపు నడిపి, ఆపి, నూనె కిందికి దిగాక డిప్‌స్టిక్ చూసుకోవాలి. అంతే, ఇక దసరా దాకా తాళం చెవి ముట్టొద్దు. బ్యాటరీ వైరు తీసేయాలి. నిలువుగా ఉండే సైలెన్సర్ మూతికి డబ్బా బోర్లించాలి, వాన నేరుగా లోపలికి పోతుంది మరి.

మళ్లీ తీసేటప్పుడు స్టాప్ నాబ్ లాగి పట్టుకొని సెల్ఫ్ కొన్నిసార్లు తిప్పితే డీజిల్ అందదు, నూనె మాత్రం పైకి ఎక్కుతుంది. ఆ తర్వాతే స్టార్టు. నూనె పాలరంగులో ఉంటే రేడియేటర్ నీళ్లు కూడా చూడండి. అవి తగ్గితే గాస్కెట్ పోయిందేమోనని అనుమానించాలి. నూనెలో నీళ్లున్నాయా అని తేల్చుకోవాలంటే వేడి పెనం మీద రెండు చుక్కలేస్తే చాలు, నీళ్లుంటే చిటపటమంటుంది. అమ్మ దోసెల పెనం మాత్రం వాడకండి. ఎందుకు చెబుతున్నానో అర్థమయ్యే ఉంటుంది.

పాత నూనెను మా దగ్గర పందిరి గుంజలకు చెదలు పట్టకుండా పూస్తారు. 2016 నాటి వ్యర్థాల నియమాల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. వాగులో పోస్తే పైనగంగకే పోతుంది. మేం డబ్బాల్లో పట్టి, ఊళ్లోకి వచ్చే పాత నూనె కొనేవాళ్లకు ఇస్తున్నాం.

గాజులు మొన్న సంక్రాంతికి ఇంటికి వచ్చాయి. ఈ జూన్‌లో నేనింటికి వెళ్లినప్పుడు నట్టు నేనే విప్పాను. షెడ్డు గోడ మీద బాబా సుద్దతో మరాఠీ అంకెల్లో తారీఖు వేశారు. దాని కింద నేను తెలుగులో "ఆదివారం కూడా ముట్టొద్దు" అని రాశాను. బాబాకు తెలుగు చదవడం రాదు. అయినా అదేమిటని అడగలేదు.