మీకు తెలుసా? లినక్స్ ఎక్కకపోతే తప్పు ఎక్కడుంటుందో

ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిపోతే చాలామంది లినక్స్‌ని తిట్టుకుని వదిలేస్తారు. చిక్కు చాలాసార్లు అంతకుముందే ఉంటుంది: పెన్‌డ్రైవ్‌లోనో, బయోస్ సెట్టింగుల్లోనో, పక్కనే ఉన్న విండోస్‌లోనో.

• లినక్స్ వేశాక విండోస్‌లోకి వెళితే టైమ్ సరిగ్గా ఐదున్నర గంటలు వెనక్కి కనిపిస్తోందా? బ్యాటరీ పోయిందని షాపుకు పరిగెత్తకండి. మదర్‌బోర్డు మీది గడియారంలో విండోస్ స్థానిక సమయం పెడుతుంది, లినక్స్ ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీ పెడుతుంది. మన దేశ కాలానికీ యూటీసీకీ తేడా 5.30 గంటలు. లండన్‌లో ఉన్న మనవాళ్లకు చలికాలంలో ఈ తేడా అసలు కనిపించదు, ఎండాకాలంలో గంట కనిపిస్తుంది.

• డిస్క్ నిక్షేపంగా ఉన్నా ఇన్‌స్టాలర్‌కు కనిపించకపోవచ్చు. ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే ముందు బయోస్‌లో స్టోరేజీ సెట్టింగ్ చూడండి. అక్కడ ఆర్‌ఎస్‌టీ అనో రెయిడ్ అనో ఉంటే ఏహెచ్‌సీఐకి మార్చాలి. అయితే తొందరపడి మార్చేస్తే విండోస్ నీలి తెరతో ఆగిపోతుంది. ముందు విండోస్‌ని సేఫ్ మోడ్‌లో తెరుచుకునేలా పెట్టి, ఆ తర్వాతే మార్చండి.

• నల్ల తెర వచ్చిందంటే కంప్యూటర్ పాడైందని కాదు. లినక్స్‌లో కీలక భాగమైన కెర్నల్ బూట్ అయ్యేటప్పుడే గ్రాఫిక్స్ కార్డును తన చేతిలోకి తీసుకుని స్క్రీన్ రిజల్యూషన్ పెడుతుంది. కొన్ని కార్డులు, ముఖ్యంగా ఎన్విడియావి, అక్కడే మొరాయిస్తాయి. బూట్ మొదట్లో వచ్చే గ్రబ్ మెనూలో 'ఇ' కీ నొక్కండి. 'లినక్స్' అని మొదలయ్యే వరుస చివర ఒక ఖాళీ వదిలి 'నోమోడ్‌సెట్' అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి ఎఫ్10 నొక్కండి. చాలా మెషిన్లలో తెర వచ్చేస్తుంది. ఈ మార్పు ఆ ఒక్క బూట్‌కే. ఇన్‌స్టాల్ అయ్యాక సరైన డ్రైవర్ వేసుకోవాల్సిందే.

• విండోస్‌ని షట్‌డౌన్ చేసినా అది పూర్తిగా ఆగదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే సగం నిద్రలోనే ఉంటుంది. అందుకే లినక్స్ నుంచి విండోస్ డ్రైవ్‌లోని ఫైళ్లు చదవొచ్చు గానీ కొత్తవి రాయడం కుదరదు.

• 2016 ఫిబ్రవరిలో లినక్స్ మింట్ సైట్‌లోకి హ్యాకర్లు చొరబడి, డౌన్‌లోడ్ లింకును దొంగదారి పెట్టిన ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ ఫైలు)కు మళ్లించారు. అందుకే డౌన్‌లోడ్ చేసిన ఫైలు మారలేదని చెప్పే చెక్‌సమ్ చూసుకోవాలి, దానితో పాటు డిజిటల్ సంతకం కూడా చూసుకోవాలి. సైటునే మార్చగలిగినవాడు చెక్‌సమ్‌ని మార్చలేడా?

• తప్పు నిజంగా లినక్స్‌దే అయిన సందర్భమూ ఉంది. ఉబుంటు 17.10 కెర్నల్‌లో ఆన్ చేసి ఉంచిన ఒక ఇంటెల్ డ్రైవర్ వల్ల కొన్ని లెనోవో ల్యాప్‌టాప్‌లలో బయోస్ సెట్టింగులు సేవ్ కాకుండా పోయాయి. 2017 డిసెంబర్‌లో ఆ డౌన్‌లోడ్‌ని ఆపేసి, సరిచేసిన ఐఎస్‌ఓను 2018 జనవరిలో ఇచ్చారు. దాచకుండా వెనక్కి తీసుకున్నందుకు ఉబుంటు వాళ్లను మెచ్చుకోవాలి.

• డెబియన్ ఇన్‌స్టాలర్ తెలుగులోనూ మాట్లాడుతుంది, కాకపోతే గ్రాఫికల్ పద్ధతిలోనే. మునుపు వైఫై ఫర్మ్‌వేర్ విడిగా వెతుక్కోవాల్సి వచ్చేది. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి అది ఇన్‌స్టాలర్‌లోనే ఉంటోంది.

చివరగా ఒక్క మాట. బయోస్‌లో సెక్యూర్ బూట్ సెట్టింగ్ మారిస్తే, విండోస్‌లో డ్రైవ్‌కు తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీ అడగొచ్చు. ఆ 48 అంకెలు లేకపోతే ఆ డ్రైవ్‌లోని ఫొటోలు, సర్టిఫికెట్లు మీ చేతికి రావు. బయోస్ తెరిచే ముందే ఆ అంకెల్ని కాగితం మీద రాసి పెట్టుకోండి.