సామాన్యుడి కథలో ఉత్కంఠ

"సస్పెన్స్ నవల" అనగానే మనలో చాలామందికి మొదట గుర్తొచ్చేది డిటెక్టివ్. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు ఒక తరం పాఠకులకు ఇంట్లో మనుషులంత పరిచయం. ఆ తర్వాత యండమూరి వీరేంద్రనాథ్, మల్లాది వెంకట కృష్ణమూర్తి గార్ల సీరియల్స్ వచ్చాయి. ఆంధ్రభూమి వారపత్రికలో "తులసిదళం" వస్తున్న రోజుల్లో పాఠకులు వారం వారం ఎదురుచూసేవారని పెద్దలు ఇప్పటికీ చెప్తారు. ఇలాంటి పుస్తకాలు కాలక్షేపానికి తప్ప ఎందుకూ పనికిరావని కొందరి అభిప్రాయం. మనిషికి ధైర్యం చెప్పే నవలలు వేరు, ఉత్కంఠ పుట్టించే నవలలు వేరు అని మరికొందరు అంటారు. ఈ రెండు మాటలూ సగమే నిజమని నాకు తోస్తుంది.

అసలు ఉత్కంఠ అంటే ఏమిటి? రైతుబిడ్డలకు దీన్ని చెప్పడం చాలా సులువు. వరి కోసి పనలు పొలంలోనే ఉన్నాయనుకోండి. రాత్రికి రాత్రి వాన పడి పంట తడిసిపోయింది. అది దెబ్బే, కాని ఉత్కంఠ కాదు. అదే పనలు, అదే పొలం. బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడిందనీ రెండు రోజుల్లో తీరం దాటుతుందనీ వార్త వచ్చింది. ఊళ్ళో కూలీలు దొరకటం లేదు, ఉన్నది ఒక్క బండి. ఇప్పుడు పనలు కళ్ళానికి చేరి కుప్ప పడతాయా, పడవా? ఇదీ ఉత్కంఠ. సినిమా దర్శకుడు హిచ్‌కాక్ కూడా ఆశ్చర్యానికీ ఉత్కంఠకీ ఇలాంటి తేడానే చెప్పాడు. బల్ల కింద బాంబు ఉందని ప్రేక్షకుడికి ముందే తెలిస్తే, బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు ఆడే మామూలు మాటలు కూడా గుండె దడ పుట్టిస్తాయన్నాడు.

అంటే ఉత్కంఠకు మూడు దినుసులు కావాలి. రాబోయే అపాయం మనకు తెలియాలి. గడువు తక్కువ ఉండాలి. చేతిలో ఉన్న సాధనం చాలకుండా ఉండాలి. ఈ మూడింటికీ తోడు నాలుగోది ఒకటుంది. ఆ పంట ఎవరిదో మనకు తెలిసి ఉండాలి. ముక్కూ మొహం తెలియని వాడి పంట తడిస్తే మనం "అయ్యో" అని ఊరుకుంటాం. అప్పన్న మామ పంట అయితే ఆ రాత్రి నిద్ర పట్టదు.

ఈ కొలతతో చూస్తే మన ప్రాంతపు రచయితలు డిటెక్టివ్ లేకుండానే గొప్ప ఉత్కంఠ రాశారు. శ్రీకాకుళంలో 1922లో పుట్టి, విశాఖపట్నంలో వకీలుగా పనిచేసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి గారి "అల్పజీవి" తీసుకోండి. అందులో సుబ్బయ్య ఓ చిన్న గుమాస్తా. ఇంట్లో చులకన, బయట భయం. గవరయ్య అనే కాంట్రాక్టరు దగ్గర డబ్బు వ్యవహారం మెడకు చుట్టుకుంటుంది. ఇంతే కథ. యుగంధర్‌కి తుపాకీ ఎదురైనా లెక్క లేదు. సుబ్బయ్యకు మాత్రం గవరయ్య ఎదురుపడితే చాలు, ప్రాణం పోయినంత పని. మేం ఫిజిక్స్‌లో చదువుకుంటాం: బరువు ఎంత అన్నదొక్కటే కాదు, అది ఎంత చోటు మీద పడుతోందన్నదాన్ని బట్టి పీడనం ఉంటుంది. అదే బరువు పలక మీద పెడితే నిలుస్తుంది, మేకు మొన మీద పెడితే దిగబడుతుంది. నిలబడటానికి చోటు తక్కువ ఉన్నవాడి మీద చిన్న అప్పు కూడా మేకులా దిగుతుంది. శాస్త్రిగారు సుబ్బయ్య బుర్రలో తిరిగే ఆలోచనల్ని వరుసగా మన ముందు పెట్టి, ఆ భయాన్ని మన భయం చేశారు.

ఇక కాళీపట్నం రామారావు మాస్టారి "యజ్ఞం". ఇది నవల కాదు, పెద్ద కథ. శ్రీకాకుళం జిల్లా మురపాకలో 1924లో పుట్టిన మాస్టారు దీన్ని 1960లలో రాశారు. సుందరపాలెం అనే ఊళ్ళో పంచాయితీ జరుగుతుంది. గోపన్నకు అప్పల్రాముడు పడ్డ బాకీ తేల్చాలి. శ్రీరాములునాయుడు పెద్దమనిషి, న్యాయం తెలిసినవాడు. కత్తులు లేవు, దొంగలు లేరు. కూర్చుని మాట్లాడుకుంటారు, అంతే. కాని మాట వెనక మాట నడుస్తుంటే ఆ కుటుంబం ముందున్న దారులు ఒక్కొక్కటే మూసుకుపోవడం మనకు కనబడుతుంది. చివరికి అప్పల్రాముడి కొడుకు సీతారాముడు, తన బిడ్డ కూడా ఆ బాకీకి బానిస కాకూడదని, ఆ పసివాణ్ణి తన చేతుల్తోనే చంపేస్తాడు. ఈ ముగింపు మీద ఏళ్ళ తరబడి వాదోపవాదాలు జరిగాయి. కంబారి బ్రతుకు చూసిన ఊళ్ళవాళ్ళకు మాత్రం ఆ భయం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒకరు చెప్పక్కర్లేదు. "యజ్ఞంతో తొమ్మిది" సంపుటికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

విజయనగరం జిల్లా అలమండ రాజుల ఇంట పుట్టిన కె.ఎన్.వై. పతంజలి గారి "ఖాకీవనం" మరో రకం. మనం భయపడే పోలీసు బట్టల్లోనే భయపడుతూ బ్రతికే చిన్న ఉద్యోగి ఉన్నాడని ఆ నవల చూపించింది.

సరే, వీటిలో స్ఫూర్తి ఎక్కడుంది? సుబ్బయ్య వీరుడు కాలేదు, సీతారాముడు గెలవలేదు గదా అని అడగవచ్చు. ఇక్కడే స్ఫూర్తి నవలల్లో రెండు జాతులు విడదీయాలి. కష్టపడితే తప్పక గెలుస్తావని చెప్పేవి ఒక జాతి. చదివిన రాత్రి బాగానే ఉంటుంది. కాని పంట పోయినవాడికీ, పరీక్ష తప్పినవాడికీ తెల్లారేసరికి ఆ మాటే శిక్ష అవుతుంది. గెలవలేదు కాబట్టి నువ్వు సరిగ్గా కష్టపడలేదన్న అర్థం అందులో దాగి ఉంది. ఇది అబద్ధం, అపాయం కూడా.

రెండో జాతికి మంచి ఉదాహరణ హెమింగ్వే 1952లో అచ్చు వేసిన "ది ఓల్డ్ మాన్ అండ్ ది సీ". శాంటియాగో అనే ముసలి జాలరికి ఎనభై నాలుగు రోజులు చేప పడదు. ఆ తర్వాత పడిన మహామత్స్యాన్ని సొరచేపలు తినేస్తాయి. ఒడ్డుకు చేరేది ఎముకలగూడే. లెక్క ప్రకారం ఓటమే. అయినా పుస్తకం మూసేటప్పుడు మనకు నీరసం రాదు. మనిషి తన పని ఎంత శ్రద్ధగా చేశాడో దగ్గరుండి చూశాం కాబట్టి. మన భావనపాడు, కళింగపట్నం జాలరులకు ఈ కథ చదివి వినిపిస్తే పరాయి దేశం కథ అనుకోరు.

"యజ్ఞం" ఇచ్చే బలం ఇంకో తరహాది. మనల్ని భయపెడుతున్నదాని పేరేమిటో అది చెబుతుంది. పేరు తెలియని భయం మనిషిని ఒంటరిని చేస్తుంది. పేరు తెలిస్తే అది నలుగురూ కూర్చుని మాట్లాడుకునే సమస్య అవుతుంది. అప్పుల్లో ఉన్న ఇంటి పిల్లవాడు తన తండ్రి చేతకానివాడని సిగ్గుపడటం మానేసి, ఆ లెక్క ఎలా పెరిగిందని అడగడం మొదలుపెడితే, అంతకన్న స్ఫూర్తి ఏం కావాలి?

ఇప్పుడు మన కళ్ళ ముందున్న సంగతి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. ఆ రాత్రి హోరు వింటూ కూర్చోవడం ఉత్కంఠ. కాని అసలు నవల మర్నాడు మొదలవుతుంది. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఐదారేళ్ళు పడుతుంది. చేతిలో ఆదాయం లేకుండా, వస్తుందో రాదో తెలియని కాపు కోసం మొక్కకు నీళ్ళు పోసే మనిషి కన్న పెద్ద కథానాయకుడు ఏ డిటెక్టివ్ నవలలో ఉన్నాడు? అదే ఉద్దానంలో కిడ్నీ జబ్బు భయంతో రక్తపరీక్ష కాగితం కోసం ఎదురుచూసే ఇళ్ళున్నాయి. ఆ కాగితం మడత విప్పే క్షణానికి ఏ బాంబూ సాటిరాదు.

కనుక మిత్రులారా, డిటెక్టివ్ నవలలు మానేయమని నేను చెప్పను. పేజీ తిప్పించే విద్య వాటి దగ్గర నేర్చుకోవాల్సిందే. ఆ విద్యతో మనవాళ్ళు ఏ ఎత్తుకు వెళ్ళారో చూడాలంటే మాత్రం శ్రీకాకుళంలో రామారావు మాస్టారు 1997లో నెలకొల్పిన కథానిలయం ఉంది. బస్సు ఛార్జీ పెట్టుకుని ఒక ఆదివారం వెళ్ళి రండి. తిరిగి వచ్చాక మీ ఊరి అప్పన్న మామ గురించి నాలుగు పేజీలు రాయండి. వచ్చే ఏటి సంచికలో వాటిని చదవాలని ఉంది.